రజిత తట్టలేదన్న మాట

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. రజిత చెయ్యి నేను విరవలేదు. నేనుండే కనాటా ఊళ్ళో ఏ ఇంట్లో నాలుగు తెలుగు కుటుంబాలు చేరినా, భోజనాలయ్యాక పుచ్చకాయ ముక్కలు తింటూ చెప్పుకునే కథ ఒకటుంది. అందులో నేను కరాటే నేర్చుకుని, ఉద్యోగం కోసం రూమ్మేట్ చెయ్యి విరగ్గొట్టి, ఆ పిల్లకి రావలసిన సీటు ఎగరేసుకుపోయిన ఆడదాన్ని. ఎదురుగా ఎవరూ అనరు లెండి. నేను వంటింట్లోంచి రాగానే టక్కున వాతావరణం గురించి మాట్లాడతారు. ఆ కథలోని తప్పులు వరసగా చెబుతాను. అది కరాటే కాదు, బ్రెజిల్ వాళ్ళ జూజిట్సు. అందులో గుద్దులూ తన్నులూ ఉండవు, పట్టులుంటాయి. విరిగింది చెయ్యి కాదు, జారింది భుజం. సీటు నేను ఎగరేసుకుపోలేదు, రజిత వెళ్ళలేకపోతే వరసలో తర్వాతి పేరు నాది కాబట్టి కాలేజీ వాళ్ళే పిలిచి ఇచ్చారు. అన్నిటికంటే ముఖ్యమైన మాట, రజిత తట్టలేదు. ఈ చివరి మాట మీదే నేను ఇన్నేళ్ళూ నిలబడ్డాను, కిందటి నెల దాకా.

తట్టడమంటే ఏమిటో చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. ఆ విద్యలో ఒకరు ఇంకొకరి చెయ్యో మెడో పట్టి బిగిస్తారు. ఇక తట్టుకోలేననిపించిన క్షణాన ఎదుటి మనిషి ఒంటి మీదో చాప మీదో అరచేత్తో తట్టాలి. తట్టగానే వదిలెయ్యాలి. ఆలోచించకూడదు, ఇంకొక్క క్షణం అనుకోకూడదు. ఆ ఒక్క నమ్మకం మీదే ముక్కూ మొహం తెలియని మనుషులు ఒకరి గొంతు ఒకరికి అప్పగిస్తారు.

విమానం దిగిన ప్రతివాడూ తెలుగువాడేనా అనిపించిన రోజులవి. మిస్సిసాగాలో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అయిదుగురు ఆడపిల్లలం ఉండేవాళ్ళం. నాది తెనాలి, రజితది జగిత్యాల దగ్గర పల్లె. మా ఇద్దరి పరుపులూ పక్కపక్కన. పైన ఇంటివాళ్ళు కాకినాడ వాళ్ళు, శకుంతల ఆంటీ, ఇంజినీరుగా రిటైరైన ఆవిడ భర్త. ఆంటీ పొద్దున్నే ఫిల్టర్ కాఫీ దించేది. ఆ వాసన హీటర్ గొట్టాల్లోంచి దిగి మా ముక్కుల దాకా వచ్చేది, కాఫీ మాత్రం వచ్చేది కాదు. మా పోపు వాసన అదే గొట్టంలోంచి పైకెక్కితే మాత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడు. "ఏవమ్మా, ఇంగువ డబ్బా బోర్లించారా? మా కర్టెన్లు కూడా సాంబారు వాసనేస్తున్నాయి!" అని ఒక కేక. ఆవిడ నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. మాలో ఎవరికి జ్వరమొచ్చినా మెంతికారం వేసిన పెరుగన్నం గిన్నె మెట్ల మీద కనిపించేది, దాని పక్కన ఎవరూ ఉండేవారు కాదు.

మేం ఆ విద్యలోకి శౌర్యం కోసం వెళ్ళలేదు, చలి కోసం వెళ్ళాం. రజితా నేనూ ఎయిర్‌పోర్ట్ దగ్గర గోడౌన్‌లో పార్ట్‌టైమ్ చేసేవాళ్ళం. ఎక్కవలసిన బస్సు అరగంటకొకటి. స్టాపు వెనక కార్లకు రంగులేసే షెడ్డు, దాని పక్కన అద్దాలకు ఆవిరి పట్టిన ఒక గది. ఒక జనవరి సాయంత్రం నా కనురెప్పల మీద మంచు కట్టింది. రజిత ఇంకేం ఆలోచించకుండా ఆ గది తలుపు తోసింది. లోపల రంగు వాసన, చెమట వాసన, వీటన్నిటినీ మించి ఎక్కడో జున్ను కాలుతున్న కమ్మని వాసన. నేల నిండా నీలం చాప. దాని మీద ఒక బరువాటి మగమనిషి, అతని మీద ఎక్కి కూర్చుని గొంతు నొక్కుతున్న బక్కపల్చటి పిల్ల. అతను తట్టాడు, ఆ పిల్ల వదిలేసింది, ఇద్దరూ నవ్వుకుంటూ చేతులు కలుపుకున్నారు.

"బూట్లు!" అని ఒక గొంతు ఉరిమింది. "నా చాప మీద బూట్లు వద్దు!"

"చాప మీద బూట్లేసుకుంటమా? మేం గట్లాంటోళ్ళం గాదు" అంది రజిత తెలుగులోనే. ఆయనకు అర్థమైనట్టే నవ్వాడు.

ఆయన పేరు జిల్మార్. బ్రెజిల్‌లో ఆ విద్య నేర్పేవాళ్ళను ప్రొఫెసర్ అంటారు, మేమూ అలాగే పిలిచాం. యాభై ఏళ్ళ మనిషి, చెవులు రెండూ నలిగి వడియాల్లా ముద్దకట్టి ఉండేవి. క్లాసుకు ముందు చాప తనే తుడిచేవాడు, మరెవరి చేతికీ తుడుపుగుడ్డ ఇచ్చేవాడు కాదు. గోడ మీద వాళ్ళ గురువు ఫోటో, ఆ పైన గురువుగారి గురువు. ఎక్కడో జపాన్ నుంచి ఓడెక్కి వచ్చిన విద్య తమ దేశంలో నేల మీదికి ఎలా దిగిందో, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను పడుకోబెట్టే విద్యగా ఎలా మారిందో ఆయన చెబుతుంటే మా తాతయ్య గోత్రాలు వల్లించినట్టుండేది. క్లాసయ్యాక జున్నుతో చేసిన చిన్న ఉండల్లాంటి రొట్టెలు వేడివేడిగా పంచేవాడు. బస్సు కోసం ఆగినవాళ్ళం వారం తిరిగేసరికి ఆ రొట్టెల కోసం ఆగాం. నెల తిరిగేసరికి తెల్ల యూనిఫారాలు కట్టుకుని చాప మీద దొర్లుతున్నాం.

ఆ యూనిఫారాలు ఉతికి ఆరేస్తే ఆంటీ కళ్ళు తేలేసింది. "ఈ దళసరి దుప్పట్లు ఎవరివే?"

"దుప్పట్లు కాదాంటీ, కుస్తీ బట్టలు" అన్నాను.

"ఎమ్మెస్సీ చదివిన పిల్లకి కుస్తీయా! మీ అమ్మకి తెలుసా?"

"ప్రొఫెసర్ దగ్గర క్లాసుకు పోతున్నమని చెప్పినం ఆంటీ" అంది రజిత. "మా అమ్మ అయితే మస్తు ఖుష్ అయింది."

"మీరూ మీ ఖుషీ! పెళ్ళిచూపుల్లో అబ్బాయిని పడగొట్టేరు!" అంటూ ఆంటీ పైకెక్కింది. మర్నాటి నుంచి ఆవిడే ఆ బట్టలను మెషిన్‌లో వెనిగర్ పోసి ఉతికేది, ఇల్లంతా మగవాడి చొక్కా కంపు కొడుతోందని తిట్టుకుంటూ.

వాళ్ళ ఆచారాలు కొన్ని చూసి మతిపోయింది. బెల్టు రంగు మారినవాడిని రెండు వరసల మధ్య నడిపించి, అటూ ఇటూ నిలబడ్డవాళ్ళంతా తమ బెల్టులు విప్పి వీపు మీద ఛెళ్ళుఛెళ్ళున కొట్టడం మొదటిసారి చూసినప్పుడు నేను పోలీసులను పిలుద్దామా అన్నాను. "పాసైనోణ్ణి కొడ్తరా? మరి ఫెయిలైతే ఏం జేస్తరు?" అని రజిత నోరు తెరుచుకుని చూసింది. దెబ్బలు తిన్న కుర్రాడు మాత్రం ఎర్రబడ్డ వీపుతో, నీళ్ళు నిండిన కళ్ళతో అందరినీ కౌగిలించుకున్నాడు.

మా ఆచారం ఒకటి వాళ్ళకు మతిపోగొట్టింది. మన కాలు ఎవరికైనా తగిలితే చటుక్కున వాళ్ళని తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకుంటాం కదా. ఆ చాప మీద కాలు తగలని క్షణం ఉండదు. మేమిద్దరం పట్టు మధ్యలో చెయ్యి వదిలేసి కళ్ళకద్దుకుంటూ కూర్చున్నాం. ప్రొఫెసర్ జుట్టు పీక్కున్నాడు. "ఏంటిది? నిమిషానికోసారి నమస్కారం దేనికి? ఇక్కడ చెయ్యి ఒంటికి దూరమైతే ఆ చెయ్యి ఇక నీది కాదు, ఎదుటివాళ్ళది!" నాకు ఆ అలవాటు నెలలో పోయింది. రజితకు పోలేదు. "ఏం జెయ్యనే, చెయ్యి దానంతటదే లేస్తుంది. మా నాయినమ్మ చిన్నప్పుడు అట్ల కొట్టి నేర్పింది" అనేది. ఆమె కాలు నాకు తగిలితే కుడిచెయ్యి లేస్తుందని నాకు తెలుసు. ఎంత బాగా తెలుసో ఈ మధ్య తరచూ గుర్తొస్తోంది.

ఆ ఏడాది వేసవికి ముందు కనాటాలో ఒక కంపెనీలో కో-ఆప్ సీటు, అంటే చదువులో భాగంగా జీతమిచ్చి పని నేర్పే ఉద్యోగం, ఒక్కటి పడింది. మా కాలేజీ నుంచి రజితా నేనూ ఇద్దరం ఇంటర్వ్యూకు వెళ్ళాం. మార్కులు నాకు ఎక్కువ, ఇంగ్లీషు నాకు ఎక్కువ, సీటు రజితకు వచ్చింది. కుళ్ళుకున్నానా అంటే కుళ్ళుకున్నాను. దానికి సంజాయిషీ ఏమీ ఇవ్వను. ఒకే పొయ్యి మీద వండుకునే ఇద్దరిలో ఒకరికి దక్కి ఇంకొకరికి దక్కకపోతే కుళ్ళు పుట్టదని చెప్పేవాళ్ళను నేను నమ్మను. పంచదార డబ్బా తీసి నేనే రజిత నోట్లో పోశాను. "నీకస్తదనుకున్న వసూ, ఒట్టు" అంది అది, పంచదార నములుతూనే. ఆ మాట అభినందన కంటే ఎక్కువ మండింది.

అది శనివారం. అదే రోజు మధ్యాహ్నం క్లాసు. చివరి అరగంట జోడీలుగా ఆడాలి. రజితా నేనూ ఎప్పటిలాగే చేతులు కలిపి మొదలుపెట్టాం. నేను పైన ఉన్నాను, అది కింద. అది తప్పించుకోబోతూ గిలగిల్లాడితే దాని మడమ నా చెంపకు ఠపీమని తగిలింది. "అయ్యో" అంటూ కుడిచెయ్యి నా భుజాన్ని తాకి తన కళ్ళ వైపు వెళ్ళింది. ఆ మణికట్టును అక్కడే, దాని చెవి పక్కనే చాపకు అదిమాను. రెండోచెయ్యి దాని మోచేతి కింద నుంచి దూర్చి నా మణికట్టు నేనే పట్టుకుని మోచేతిని పైకి లేపాను. పట్టు అంత చక్కగా అంతకుముందెప్పుడూ పడలేదు. ఎవరో అరుస్తున్నారు, పక్క జోడీ మీద అనుకున్నాను. తడిబట్ట పిండినప్పుడు వచ్చేలాంటి చిన్న చప్పుడొకటి నా ఛాతీకి తగిలింది. రజిత అరవలేదు. గాలి మాత్రం ఒక్కసారిగా వదిలింది.

ప్రొఫెసర్ వచ్చి నన్ను పక్కకు లాగేశాడు. దాని భుజం ఉండవలసిన చోట లేదు. నా చేతులు ఇంకా ఆ పట్టు ఆకారంలోనే బిగుసుకుని ఉన్నాయి, విడదీయడం చేతకాలేదు. ప్రొఫెసర్ మొహం పాలిపోయింది. ఆయన చాప మీద ఒకటే శాసనం: తట్టాక వదలనివాళ్ళు ఆ క్షణమే చెప్పులేసుకుని వెళ్ళిపోవాలి, మళ్ళీ ఆ గుమ్మం తొక్కకూడదు. ఆయన నా వైపు చూడలేదు. రజిత దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అడిగాడు.

"రజీ, తట్టావా?"

"లేదు ప్రొఫెసర్" అంది. "నేను తట్టలేదు. తప్పు నాదే."

ఆయన చాలాసేపు దాని మొహంలోకి చూశాడు. "సరే. చెయ్యి ఎవరిదో మాట వాళ్ళది" అన్నాడు.

ఎమర్జెన్సీలో కూర్చున్నప్పుడు నేను ఏడుస్తుంటే అదే నన్ను ఓదార్చింది. "ఏడువకే. మొండికి పోయిన, తట్టలే. నీ తప్పేముంది?" ఆంటీ స్టీలు క్యారియర్లో పెరుగన్నం పట్టుకొచ్చి, అందరూ చూస్తుండగా దానికి ముద్దలు కలిపి పెట్టింది, నాకేసి ఒక్కసారి కూడా చూడకుండా. చెయ్యి మెళ్ళో కట్టుకుని రజిత ఆ వేసవంతా బేస్‌మెంట్‌లోనే ఉంది. ఆపరేషన్ చెయ్యక తప్పదన్నారు. వచ్చే సోమవారమే చేరాలన్న కనాటా సీటు వరసలో తర్వాతి పేరుకు వెళ్ళింది. నేను వద్దంటే అది ఊరుకోలేదు. ఎడమచేత్తో నా సూట్‌కేస్ జిప్పు లాగుతూ, "నువ్వన్న పో. ఇద్దరం పోగొట్టుకుంటమా?" అంది. నేను వెళ్ళాను. ఆ సీటులోంచే నా ఉద్యోగం, నా ఇల్లు, నా కనాటా అన్నీ వచ్చాయి. అది ఇంకొక ఏడాది గోడౌన్‌లో, బరువులెత్తని బల్ల దగ్గర నిలబడి స్టిక్కర్లు అంటించింది. చాలా తిరిగి చివరికి మార్కమ్‌లో మంచి ఉద్యోగం తెచ్చుకుంది. జూజిట్సు వైపు మళ్ళీ చూడలేదు.

నేను మానలేదు. ఇప్పుడు శనివారాలు కనాటాలో తెలుగు ఆడపిల్లలకు నేనే నేర్పుతాను. మొదటి రోజు ప్రతి బ్యాచికీ ఒకే పాఠం. "మన ఆడపిల్లలకు ఓర్చుకోవడం నేర్పుతారు, తట్టడం నేర్పరు. నా స్నేహితురాలు ఒకతె భుజం ఊడిపోతున్నా తట్టలేదు. మీరలా చెయ్యకండి." తెలుగు అసోసియేషన్ స్టేజీ మీద కూడా ఇదే చెప్పాను. చప్పట్లు కొట్టారు. అంత గట్టిగా నమ్మిన వాదన నా జీవితంలో ఇంకొకటి లేదు.

కిందటి నెల ప్రొఫెసర్ గది మూసేసి వాళ్ళ దేశం వెళ్ళిపోతున్నాడంటే కారేసుకుని మిస్సిసాగా వెళ్ళాను. రంగుల షెడ్డు లేదు, దాని చోట మొబైళ్ళ కొట్టు ఉంది. లోపల మాత్రం అదే నీలం చాప, అదే జున్ను వాసన. ప్రొఫెసర్ వంగిపోయాడు, చెవులు మాత్రం అలాగే ఉన్నాయి. పాత శిష్యులంతా తలో మాట మాట్లాడారు. నా వంతు వచ్చింది, నాకు తెలిసిన మంచి మాట ఒకటే కాబట్టి అదే చెప్పాను, తట్టని రజిత గురించి. కొత్త పిల్లలు తలలూపారు.

అందరూ రొట్టెల దగ్గరికి వెళ్ళాక ప్రొఫెసర్ నా మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు.

"వసూ, ఆ కథ ఇంక చెప్పకు."

"ఎందుకు ప్రొఫెసర్? నిజమేగా."

"తట్టింది" అన్నాడు. "ఎడమచేత్తో, నీ వీపు మీద. మూడుసార్లు. నేను చూశాను. అరుస్తూ పరుగెత్తుకొచ్చాను, అందలేదు."

నేను నవ్వాను. నిజంగానే నవ్వాను, ముసలాయన ఇంకెవరితోనో పొరబడుతున్నాడని. ఆయన నవ్వలేదు. తన అరచెయ్యి నా వీపు మీద, కుడి భుజం కింద సరిగ్గా ఒక చోట పెట్టాడు. "ఇక్కడ" అన్నాడు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు? నన్ను వెళ్ళగొట్టాల్సింది కదా!"

"అడిగాను. లేదంది. భుజం తనది, మాట తనది. ఆ అమ్మాయి నిన్ను నాకు అప్పగించలేదు. తను ఊరుకుంటే నేనూ ఊరుకున్నాను. నువ్వు తన పేరుతో దాన్ని పాఠంగా చెబుతుంటే ఊరుకోలేకపోయాను."

కార్లో కూర్చున్నాను. రజితకు ఫోన్ చేశాను. అవతల గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"ఏందే, ఇయ్యాల గుర్తొచ్చిన్నా?"

"ప్రొఫెసర్ దగ్గర్నుంచి చేస్తున్నా. నువ్వు ఆ రోజు తట్టావటగా?"

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. "ముసలాయనకు ఏం యాదుంటది తియ్యి."

"రజితా, ఔననో కాదనో చెప్పు."

"నువ్వట్ల లాయర్ లెక్క అడిగితే ఫోన్ పెట్టేస్త."

నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం దానికి కొత్త, అందుకే అయి ఉంటుంది, చెప్పింది. "తట్టిన. అయితే ఏంది? చెయ్యి మంచిగైంది, పిల్లనెత్తుకున్న, కార్ నడుపుతున్న. ఇప్పుడు తవ్వి ఏం జేస్తవ్?"

"మరి తట్టలేదని ఎందుకన్నావే?"

"నీ మొకం జూసిన. జూసినంక అట్లనే అనాలనిపించింది."

"నా మొహంలో ఏముంది?"

"మామ్, వేర్ ఈజ్ మై చార్జర్?" అని వెనక నుంచి దాని కూతురు కేకేసింది. "పిల్ల పిలుస్తుంది, ఉంట" అని పెట్టేసింది. ఆ తర్వాత మూడుసార్లు చేశాను. ఎత్తుతుంది, ఆవకాయ గురించి మాట్లాడుతుంది, ఈ మాట ఎత్తగానే ఎవరో పిలుస్తారు.

ఇప్పుడు మా ఆఫీసులో కో-ఆప్ అప్లికేషన్లు చదివే పని నాది. మొన్న ఇద్దరు తెలుగమ్మాయిలవి వరసగా వచ్చాయి, రెండింటి మీదా ఒకే బేస్‌మెంట్ అడ్రసు. సీటు ఒకటే. వాళ్ళకు మాకున్నపాటి చలి లేదు, బస్సు ఎప్పుడొస్తుందో ఫోనే చెబుతుంది, పైనుంచి తిట్టే ఆంటీ కూడా ఉండకపోవచ్చు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఏదో ఒకటి పైన పెట్టక తప్పదు. పెట్టాను. పెట్టిన చెయ్యి నాది, నా చేతికి ఏం తెలుసో ఏం తెలియదో నాకే తెలియదని ఇప్పుడు తెలుసు. పుచ్చకాయ ముక్కలు తింటూ కథ చెప్పుకునేవాళ్ళతో ఇన్నేళ్ళూ పోట్లాడాను. ఇకనుంచి పోట్లాడటానికి నా దగ్గర సాక్షి లేదు. ఉన్న ఒక్క సాక్షీ నా కిందే పడుకుని, నా మొహాన్ని జానెడు దూరం నుంచి చూసింది. నేను చూసుకోలేదు.

అందుకని రజితా, ఫోన్లో చెప్పవు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. నువ్వు చూశానన్నది ఏ మొహం? చెయ్యి వదిలేశాక, ఏం జరిగిందో తెలియక కొయ్యబారిపోయిన మొహమా? నువ్వు తడుతుండగా పైన ఉన్న మొహమా?